మీ ఇంటిపేరేటి బాబూ?

మా అప్పలసూరి మావకి ఈ భూమ్మీద పరాయివాడనేవాడు లేడు. ఎవరైనా పొరపాటున పరాయివాడిగా ఎదురుపడితే, చేతిలో బీడీ కాలేలోగా "మీ ఇంటిపేరేటి బాబూ?" అని అడిగి, వరస కలిపేసి, బావో అల్లుడో చేసిగానీ వదిలేవాడు కాదు.

నేను మావ అంటున్నానని మా ఇద్దరికీ ఏదో చుట్టరికం ఉందనుకోకండి. నాది నెల్లిమర్ల. పొందూరు దగ్గర ఆ ఊరి బడికి పంతులుగా వచ్చి, ట్రంకుపెట్టెతో బస్సు దిగి దిక్కులు చూస్తుంటే ఈయన ఎదురొచ్చాడు.

"మీ ఇంటిపేరేటి బాబూ?"

చెప్పాను.

"నెల్లిమర్లోలా? మా అప్ప ఆడపడుసుని నెల్లిమర్లే ఇచ్చినారు. ఆల ఈదిలో మీ ఇంటిపేరోలుండీవోరు. అంటే నువ్వు నాకు మేనల్లుడివి. నడు, అన్నం తిందువుగాని."

ఆ లెక్క ఎలా తేలిందో నాకిప్పటికీ తెలియదు. అన్నం మాత్రం తిన్నాను.

ఒకసారి ఆయన తోటలో పట్టపగలే వంకాయలు కోస్తూ ఒకడు దొరికిపోయాడు. జనం కర్రలు పట్టుకుని వచ్చేసరికి మావ దొంగని ఇంటిపేరు అడుగుతున్నాడు. రెండు ప్రశ్నల్లో వాడు వియ్యంకుడని తేలిపోయింది.

"ఒరే సోములూ, ఆ కర్ర పారీరా! ఇయ్యంకుడు నిల్సునుంటే సూస్తారేట్రా, మంచం వాల్సండి!"

దొంగ సిగ్గుతో చితికిపోయి, వంకాయలు అక్కడే వదిలేసి పోబోయాడు. మావ ఊరుకోలేదు. ఇంకో నాలుగు లేతవి కోసి, సంచిలో వేసి, పొలిమేర దాకా సాగనంపి వచ్చాడు.

ఏ ఊరెళ్ళినా పూటకూళ్ళ అవసరం లేకుండా విస్తరి దొరుకుతుందని అప్పలసూరి ఎత్తు అని ఊళ్ళో నవ్వుకునేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

అలాంటి మనిషికి పందొమ్మిది వందల అరవై ఆరులో పెద్ద చిక్కొచ్చిపడింది. బర్మా నుంచి, అంటే మా వాళ్ళ మాటలో రంగం నుంచి, మనవాళ్ళు ఓడలకొద్దీ తిరిగొస్తున్న రోజులవి. మా ఊరి ఎర్రన్న కూడా వచ్చాడు. వెంట అక్కడ పెళ్ళాడిన బర్మా పిల్ల. పేరు ఖిన్ మ్యా. బుగ్గలకి గంధంలా ఏదో చెక్కపూత, కళ్ళ నిండా భయం. ఊరంతా గుమిగూడింది. జనాన్ని తోసుకుని మావ ముందుకొచ్చాడు.

"మీ ఇంటిపేరేటమ్మా?"

ఎర్రన్న నసిగాడు. "ఆల దేశంలో ఇంటిపేర్లుండవు మావా."

మావ నోరు తెరిచాడు. "ఉండవా? మరి పిల్లల్ని ఇచ్చిపుచ్చుకోడం ఎలాగరా? ఎవులికి ఎవులేటవుతారో ఎలాగ తెలుస్తాది?"

"తెలీదు మావా."

మావ ఆ పూట అన్నం ముట్టలేదు. వరస కలపడానికి అంచు కూడా దొరకని మనిషిని ఆయన చూడటం అదే మొదలు. మర్నాడు పొద్దున్నే పొందూరు నేత చీర, పసుపూ కుంకుమా పట్టుకుని ఎర్రన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంటిపేరు నేదు కాబట్టి నాదే ఇచ్చీస్తన్నాను. నాకు ముగ్గురూ మగపిల్లలే. ఇది నా కూతురు. కన్నమ్మా, సెప్పు, గురుగుబెల్లి!"

"గురు... గురుగు..." అంటూ ఆ పిల్ల వారం రోజులు తంటాలు పడింది. అప్పటినుంచి ఊరికంతటికీ కన్నమ్మ అయిపోయింది. సోములుకి అన్న కూతురు. మావకి చెల్లెలి వరసైన దాలమ్మకి మేనకోడలు. నేను మావకి మేనల్లుణ్ణి కాబట్టి ఆవిడకి బావని. ఎర్రన్న తల్లి తవిటమ్మ ఒక్కతే నాలుగు రోజులు మూతి ముడుచుకుంది. తర్వాత ఆవిడ చుట్ట తిరగేసి అడ్డపొగ పీలుస్తుంటే పక్కనే కోడలు రంగం చుట్ట వెలిగించింది. అంతే. నిప్పు లోపలా బయటా అన్నదే తప్ప ఆ అత్తాకోడళ్ళ మధ్య నాకు మరో తేడా కనబడలేదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఊరు కలుపుకున్నంత తేలిగ్గా దేశం కలుపుకోదు కదా. కన్నమ్మ ఇక్కడ ఉండటానికి ఏటేటా పోలీసుల దగ్గర అనుమతి పొడిగించుకోవాలి. రెండేళ్ళయ్యాక ఇక పొడిగించడం కష్టమన్నారు. గడువులోగా పౌరసత్వం వస్తే సరే, లేకపోతే రంగం ఓడ ఎక్కాల్సిందే. ఎర్రన్న చేత దరఖాస్తు పెట్టించాను. విచారణకి హెడ్డు కానిస్టేబులు వచ్చాడు.

"ఈ ఊళ్ళో బర్మా మనిషెవరు?" అని సోముల్ని అడిగాడు.

"అలాంటోలెవులూ నేరు బాబూ."

"మరి ఎర్రన్న భార్య?"

"కన్నమ్మా? అది మా అన్న కూతురు!"

దాలమ్మని అడిగితే "నా మేనకోడల్ని పట్టుకుని బర్మా గిర్మా అంటావేటి?" అని చీపురు తీసింది. చివరికి మావ దగ్గరికొచ్చాడు.

"ఆ అమ్మాయి నీకేమవుతుంది?"

"కూతురు బాబూ. అవునుగాని, మీ ఇంటిపేరేటి?"

ఆ హెడ్డు మావకి తమ్ముడయ్యి, చేపల పులుసుతో భోంచేసి, చూసిందీ విన్నదీ ఉన్నదున్నట్టు రాసుకుపోయాడు. నెలకి శ్రీకాకుళం నుంచి కాగితం వచ్చింది. 'ఈమె అప్పలసూరి కుమార్తె అనీ, గ్రామంలో విదేశీయులెవరూ లేరనీ విచారణలో తేలినందున దరఖాస్తు నిలిపివేయడమైనది' అని. అనుమతి కాగితంలో మాత్రం ఆవిడ ఇంకా విదేశీయురాలే. అంటే పౌరసత్వం ఇవ్వడానికి స్వదేశీ, ఓడ ఎక్కించడానికి విదేశీ.

ఎర్రన్న గుండెలు బాదుకున్నాడు. నేను ఆఫీసుకెళ్ళి కనుక్కొచ్చాను. ఆవిడ నడవడికకి బంధువు కానివాడు ఒకడు సాక్ష్యం చెప్పాలి. ఊరంతా గాలించాను. బంధువు కానివాడు ఒక్కడు లేడు! పైగా కూతురని రాయించుకున్నవాడే వచ్చి కాదని చెప్పాలని ఆఫీసరు మరీ మరీ చెప్పాడు.

మావకి చెప్పాను.

"ఏటీ అవదని నా నోటితోనే అనాలా?"

"అనాలి మావా."

"ఇంకోలా సెప్పడానికి నేదా?"

"లేదు మావా. లేకపోతే ఓడే."

మర్నాడు అందరం శ్రీకాకుళం వెళ్ళాం. ఆఫీసులో అడుగుపెట్టగానే మావ అలవాటు కొద్దీ "తమరి ఇంటిపేరేటి బాబూ?" అన్నాడు. "నా ఇంటిపేరుతో నీకేం పని?" అని కసిరాడు ఆఫీసరు. కన్నమ్మ ఆ నేత చీరే కట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"ఈవిడ నీకేమవుతుంది?"

మావ తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. కన్నమ్మ వైపు చూడలేదు.

"ఏటీ అవదు బాబూ. రంగం మనిషి."



"నడవడిక ఎలాంటిది?"

ఇక మావకి ప్రాణం లేచొచ్చింది. "అత్తకి సుట్ట సుట్టి ఇస్తాది బాబూ. దాలమ్మ కాలిరిగితే నెల్లాల్లు నీల్లు మోసింది. రాట్నం నేర్సింది. కూర కారంగా ఉంతాది, దానికి నానేటి సెయ్యను..." ఆఫీసరు కలం పట్టుకుని ఎక్కడ ఆపాలో తెలియక ఉక్కిరిబిక్కిరయ్యాడు.

"ఆగవయ్యా! ఏమీ కాని మనిషి కోసం ఇంత దూరం ఎందుకొచ్చావు?"

"ఏటీ అవదు కాబట్టే ఒచ్చినాను బాబూ. ఎవులికైనా ఏదైనా అయ్యుంటే ఆలే ఒచ్చీవోరు కదా."

ఆఫీసరు నెమ్మదిగా రాయడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం వంకాయల దొంగ గుర్తొచ్చాడు. ట్రంకుపెట్టెతో దిక్కులు చూస్తున్న నేనూ గుర్తొచ్చాను. ఈయన్ని పట్టుకునా విస్తరి కోసమని నవ్వుకున్నాం!

కన్నమ్మకి పౌరసత్వం రెండు నెలలకి వచ్చింది. ప్రమాణం చెయ్యడానికి ఊరు ఊరంతా వెంట వెళ్ళింది. అది తర్వాతి సంగతి. ఆ రోజు తిరుగు బస్సులో మావ పక్కన కోడిపుంజుని చంకలో పెట్టుకుని ఎవరో కొత్తమనిషి కూర్చున్నాడు. మావ అతన్ని ఏమీ అడగలేదు. బస్సు ఒక ఊరు దాటింది, మరో ఊరు దాటింది, అయినా అడగలేదు. నాకు భయమేసింది. ఒంటి మీద చెయ్యేసి చూశాను, జ్వరం లేదు.

ముందు సీట్లోంచి కన్నమ్మ వెనక్కి తిరిగింది.

"మీ ఇంటిపేరేటి బాబూ?"

మావ తెల్లబోయాడు. "ఏటే అది?"

"సెప్పండి బాబూ. నాకెవులూ నేరు. వరస కలుపుకుంతాను."

మావ అప్పుడు కన్నమ్మ వైపు చూశాడు. "గురుగుబెల్లి."

"మాదీ గురుగుబెల్లే!" ఎక్కడా తడబడకుండా అంది కన్నమ్మ. "అయితే మీరు నాకు నాన్నవుతారు. ఇంటికి రండి, అన్నం తిందురుగాని."

మావ తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. కోడిపుంజు మనిషి వైపు తిరిగి, భుజం మీద చెయ్యి వేశాడు.

"అవునుగాని, మీ ఇంటిపేరేటి బాబూ?"