యాభై నిమిషాల తనిఖీ

1986 జూన్‌లో తిరుపతిలో ఒక పరీక్షల విభాగంలో ప్రోగ్రామరుగా చేరాను. మా బాబుకు అప్పుడు ఏడు నెలలు. వడమాలపేటలో అత్తగారి దగ్గర ఉండేవాడు. సాయంత్రం నాకు ఐదున్నర బస్సు తప్పితే పాలకు ఏడ్చి ఏడ్చి నిద్రపోయేవాడు.

మా యూనిక్స్ కంప్యూటరు బీరువా అంత యంత్రం. ఆ గది చల్లదనం, డిస్కు తిరిగే సన్నని హోరు ఇప్పటికీ గుర్తొస్తాయి. కరెంటు పోయి వస్తే మాత్రం అది లేవడానికి యాభై నిమిషాలు. డిస్కులో ప్రతి ఫైలూ ఏ గడుల్లో ఉందో, ఒకే గడిని రెండు ఫైళ్లు పట్టుకున్నాయేమో మొత్తం సరిచూసుకునేది. అది లేచాక ఆనాటి మార్కులు ఎక్కిస్తే గాని మాకు సెలవు లేదు.

ఒకే వారంలో మూడుసార్లు బస్సు తప్పింది. యంత్రం లేచేటప్పుడు చదివే ఆదేశాల ఫైలులోంచి ఆ తనిఖీ చేయించే వరుసను తీసేశాను. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు కరెంటు పోయి వస్తే ఆరు నిమిషాల్లో లేచింది.

"ఏమ్మా, ఇంత బిరీన లేసిందే! దిష్టి గిష్టి తీసినావా?" అన్నారు ఇన్‌ఛార్జి మునిరత్నంగారు. నవ్వి ఊరుకున్నాను.

రెండు వారాలకు, సంతకానికి పంపాల్సిన జాబితాలో ఫిజిక్స్ మార్కుల మధ్య తెలుగు మార్కులు వచ్చాయి. పాసైన పిల్లలు తప్పినట్లు పడింది. డిస్కు పాతబడిందనుకుని మునిరత్నంగారు ఆ ఒక్క జాబితా మళ్లీ ఎక్కిద్దామన్నారు. తనిఖీ లేక రెండు ఫైళ్లు ఒకే గడిని పట్టుకున్నాయని, మిగతావీ చెడి ఉండొచ్చని నాకొక్కదానికే తెలుసు. చేసింది చెప్పేశాను.

ఆయన నా వైపు కుర్చీ జరిపారు. "బిడ్డ కోసరం పోవాలంటే నేనే పంపించుందును గదమ్మా. మిషను నోరెందుకు మూసినావు? కూసో, మార్కుల షీట్లు తెప్పిస్తా."

మూడు రోజులు అన్నీ మళ్లీ ఎక్కించాం. నాకు మెమో వచ్చింది, ప్రొబేషన్ ఆరు నెలలు పెరిగింది. తర్వాత ఇద్దరం కలిసి అంతా రెండేసి టేపుల మీదికి నకలు తీసి, డిస్కును రెండు భాగాలు చేశాం. ప్రోగ్రాములు, పాత పరీక్షలు ఉన్న పెద్ద భాగంలో చదవడమే తప్ప రాయడం ఉండదు కాబట్టి దానికి రోజూ తనిఖీ అక్కర్లేదు. చిన్న భాగాన్నే చూసుకుంటే చాలు. టేపుల నుంచి తిరిగి ఎక్కించడంతో చెల్లాచెదురైన ఫైళ్లు వరుసగా పడ్డాయి. జాబితాలు కూడా త్వరగా వచ్చేవి. లేవడానికి పదకొండు నిమిషాలు పట్టేది.

తనిఖీ ఆలస్యం చేస్తుంటే దాని పరిధి తగ్గించవచ్చు, దాన్నే తీసేయకూడదు. ఆ తర్వాత చేసిన ప్రతి మార్పునూ లాగ్‌బుక్కులో నా పేరుతో రాశాను.