ఎల్లారెడ్డి దాటి, ఒక నాటు పాట కోసం

వారమంతా విన్న పాటల్లో బాగా నచ్చిన ఏడింటిని ఆదివారం పొద్దున నోటుబుక్కులో వరుసగా రాసుకోవడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. మొదటి స్థానం దేనికివ్వాలా అని నేను తల పట్టుకొని కూర్చుంటే మా ఆవిడ సుజాత కూరగాయల సంచీ తెచ్చి ఒళ్లో పడేస్తుంది. 2012 నాటి ఆ వానాకాలపు ఆదివారం మాత్రం సంచీ పడలేదు. "పోతున్నవా?" అని ఒక్క మాట పడింది. ఆ వారంలో ఆమె నాతో మాట్లాడిన అతి పొడవైన వాక్యం అదే.

కారణం చెప్పుకోక తప్పదు. అంతకు ముందు ఆదివారం నాగిరెడ్డిపేట దగ్గర ఒక మిత్రుడింటికి వెళ్లి వస్తూ, పోచారం ప్రాజెక్టు నీళ్ల కింద నాట్లు వేస్తున్న ఆడవాళ్ల పాట విని గట్టు మీద ఆగాను. పాట చెబుతున్న లచ్చవ్వ నేనెవరో ఆరా తీసింది. సుజాత తల్లీ తనూ ఒకే వరుసలో నాట్లేసినవాళ్లట. సుజాతకు ఆరేళ్లప్పుడే ఆ తల్లి పోయింది. కామారెడ్డిలో మేనమామ పెంచాడు. "ఈ పాట కట్టింది మీ అత్తనే అల్లుడా. బిడ్డ పేరు గూడ పెట్టింది అండ్ల" అన్నది లచ్చవ్వ.

సెల్లులో రికార్డు చేసుకొని, సంగతి సుజాతకు అక్కడి నుంచే ఫోనులో చెప్పేశాను. ఇల్లు చేరేసరికి ఆమె ఆస్పత్రి డ్యూటీకి వెళ్లిపోయింది. మర్నాడు ఆమె వచ్చేలోగా పాట కాస్త గట్టిగా వినబడేట్టు చేయిద్దామని, అతితెలివితో, మెమరీ కార్డును కామారెడ్డిలో ఒక సెల్లు దుకాణంలో ఇచ్చాను. గంట తర్వాత దుకాణదారు కార్డు చేతిలో పెట్టి నవ్వాడు.

"కార్డుల వైరస్ ఉండె సార్. మొత్తం సాఫ్ చేసిన. ఐదు వందల పాటలు ఎక్కించిన, మీకు ఊకెనే."

ఒక పాట పోయింది, నాకు పాట్లు మొదలయ్యాయి. సుజాత తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారం ఏది విన్నా చిరాకుగానే విన్నాను. అయినా చెవులు ఊరుకోవు కదా. మంగళవారం గాంధారి ఊరికి పోయే ఆటోలో ఒక బంజారా పాట విన్నాను. మాటలు నాకు తెలియలేదు గానీ తాళం మోకాలికి తెలిసింది. గురువారం పక్కింటి రేడియోలో వీణ. మధ్యలో కుక్కర్ కూత వేసినా వాయించేవారు చలించలేదు. శుక్రవారం చాయ్ దుకాణంలో ఒక కవ్వాలీ నన్ను మూడో చాయ్ దాకా కూర్చోబెట్టింది. శనివారం చర్చి కిటికీలోంచి నలుగురైదుగురు ఆడవాళ్ల పాట, హార్మోనియం కన్నా వాళ్లే శ్రుతిలో ఉన్నారు. ఆ ఐదు వందల్లోంచి కూడా రెండు తీసుకున్నాను, మనసు రాకపోయినా. మొదటి స్థానం ఖాళీ.

లచ్చవ్వతో మళ్లీ పాడించి రికార్డు చేసుకొద్దామని, ఆ ఆదివారం పొద్దున ఏడుంబావుకు కామారెడ్డి బస్టాండుకు చేరాను. ఏడున్నర బస్సు ఎనిమిదికి కదిలింది. ఈ దారిన వెళ్లేవారికి ఒక సలహా: వెనక చక్రం మీది సీటులో కూర్చోకండి. నేను అక్కడే కూర్చున్నాను. నా పక్కన ఒకాయన పెద్ద స్పీకర్ల సెల్లు తొడ మీద పెట్టుకొని పాటలు మోగిస్తున్నాడు. వెనక సీటులో మరో సెల్లు, మరో పాట.

"అన్నా, జర సౌండ్ తగ్గియ్యరాదే" అన్నాను.

"తగ్గిస్తె నాకినస్తలేదే. ఎనకాయన గూడ పెట్టిండు గద."

వెనకాయన కూడా అదే కారణం చెప్పాడు. లింగంపేటలో డ్రైవరు చాయ్‌కి దిగితే బస్సు ఆగింది, పాటలు ఆగలేదు.

తొమ్మిదిన్నరకు ఎల్లారెడ్డి. బస్టాండు ఎదుట ఉప్మా వేడిగా ఉంది, చాయ్ తియ్యగా ఉంది. పదింబావుకు మెదక్ పోయే బస్సు పట్టుకొని, నాగిరెడ్డిపేటలో దిగి, అరగంట నడిచాను. పదకొండున్నరకు లచ్చవ్వ వాకిట్లో ఉన్నాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతోంది. జరిగినదంతా చెప్పి, "ఒక్కసారి పాడు అత్తమ్మా" అని సెల్లు ముందు పెట్టాను.

"ఇంట్ల కూసోని నాటు పాటనా? మొన్ననే ఒడిసె మా నాట్లు."

"రెండు నిమిషాలు చాలు."

ఆమె చాట పక్కన పెట్టింది. గొంతు సవరించుకొని ఒక పాదం అన్నది. రెండో పాదం దగ్గర ఆగి, మళ్లీ మొదటికి వెళ్లి, మళ్లీ అక్కడే ఆగింది. బెట్టు చేయడం లేదని ఆమె మొహమే చెప్పింది.

"వస్తలేదు అల్లుడా. చెయ్యి ఆడితేనే మాటందుతది. ఎనుక అందుకునేటోళ్లు గూడ ఉండాలె."

ఇంత దూరం వస్తే పాట ఇంట్లో లేదట, పొలంలో ఉందట. చివరికి ఆమే అన్నది: "కాలువ చివర రాజయ్య మడి ఒక్కటి మిగిలింది. బువ్వ తిని పోతున్నం. ఒక మనిషి తక్కువున్నది. దిగుతవా?"

ఆమె పెట్టిన అన్నం, పచ్చిపులుసు తిన్నాక కాదనే నోరు లేకపోయింది. ఒంటిగంటకు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి దిగాను. బురద ఆ మడతను లెక్కచేయలేదు. సెల్లు గట్టు మీదున్న రాజయ్య చేతికిచ్చి, ఎర్ర గుర్తు ఒత్తి పట్టుకోమన్నాను. నలుగురు ఆడవాళ్లు, చివరన నేను.

"అల్లుడా, నాటుతున్నవా, బొందవెడుతున్నవా?" అన్నది నా పక్కనున్నావిడ.

"ఆయనెనక మల్ల ఒగలు నాటుకుంట రావాలె" అన్నది ఇంకొకావిడ.

లచ్చవ్వ వంగి నాలుగు నారు కర్రలు నాటిందో లేదో పాట దానంతటదే వచ్చింది. ప్రతి పాదం చివరా మిగతావాళ్లు, బతుకమ్మ పాటలో 'ఉయ్యాలో' అన్నట్టు, 'వలలో' అని అందుకుంటారు. నేనూ అందుకున్నాను. పాట నీళ్ల మీదుగా, నారు మీదుగా నడిచి గట్టు దగ్గరికి వస్తోంది. సరిగ్గా అప్పుడే సెల్లు మోగింది. మోగిందంటే రికార్డు ఆగిందన్నమాట.

"ఎవలూ? సుజాతనా?" రాజయ్య ఎత్తాడు. "మీ ఆయన బురదలున్నడమ్మా."

వారం రోజులు నోరు విప్పని మనిషికి ఆ నిమిషమే దొరికింది. "ఆపు అత్తమ్మా" అని అరిచాను. వరుస గట్టుకు తగిలేదాకా నాటు పాట ఆపరట. ఆమె ఆపలేదు. ఇక చేసేదేమీ లేక, "రాజన్నా, పెట్టెయ్యకు, ఇటు చాపు" అన్నాను. ఆయన గట్టు చివరికొచ్చి చెయ్యి బారగా చాపాడు.

నీడ లేని గట్టు మీద వలలో
గట్టు మీద సుజాతమ్మ వలలో
కమ్మంగ పండుకుంది వలలో
లేపకుండ్రి కొంగలార వలలో

వరుస గట్టుకు తగిలింది. మడి నిండింది. బురద చేత్తోనే సెల్లు తీసుకొని "ఉన్నవా?" అన్నాను. "ఉన్న. మల్లొకసారి పాడమను" అని వినిపించింది.

లచ్చవ్వ సెల్లు లాక్కున్నది. "మడి అయిపాయె బిడ్డా. ఇగ ఏడాదికే. నువ్వు నిజంగనే గీ గట్టు మీదనే పండుకుంటుంటివి. కొంగలు వచ్చి నీ పక్కపొంటి నిలవడుతుండె. మీ అవ్వ నాటుకుంటనే చూస్తుండె." అవతల నుంచి ఏం వినిపించిందో గానీ, లచ్చవ్వ చాలాసేపు "ఊ, ఊ" అంటూ నిలబడింది.

నాలుగుంబావు బస్సుకు తిరుగు ప్రయాణం, అయిదుకు ఎల్లారెడ్డి, వెంటనే కామారెడ్డి బస్సు. సీటు దొరికాక రికార్డు విన్నాను. ఉన్నదంతా రాజయ్య ఊపిరి, "ఇది ఎక్కుతుందా లేదా" అన్న ఆయన సందేహం, అడుగున ఎక్కడో పాట. పేరు రాకముందే తెగిపోయింది. ఈ దారిన పాటల కోసం వెళ్లేవారు మంచి సెల్లు కన్నా పాత ప్యాంటు తీసుకెళ్లడం మేలు. అక్కడి పాటలు వెంట తెచ్చుకునేవి కావు, వెళ్లి పని చేసి వినేవి. ఇంత చిన్న సంగతి తెలియడానికి నాకు రెండు ఆదివారాలూ, నడుమూ పట్టాయి.

లింగంపేట దాటాక సుజాత ఫోను.

"ఎనుక నుంచి ఒక మగ గొంతు, ప్రతిసారి ఆలస్యంగ అందుకుంటున్నది. ఎవలది?"

"నాదే."

"అనుకున్న." తర్వాత, ఆస్పత్రి గదిలో ఎవరైనా వింటారేమోనన్నంత మెల్లగా, "లేపకుండ్రి కొంగలార" అని ఆగింది. ఆగి, ఎదురుచూస్తోంది.

బస్సు నిండా జనం. నేను గొంతు తగ్గించకుండానే "వలలో" అన్నాను. ఈసారి ఆలస్యం చేయలేదు.