నాన్నగారి ఎడబాటు డబ్బులు

మా చిన్నప్పుడు... నెల మొదట్లో వచ్చే శనివారం అమ్మ నన్ను వెంటబెట్టుకుని నరసాపురంలో బ్యాంకుకు వెళ్ళేది. పాస్‌బుక్కు లోపలికిచ్చి కిటికీ ఇవతల నిలబడేవాళ్ళం. డబ్బులు పడ్డాయంటే ఎవరైనా సంతోషిస్తారు కదా... మాకు మాత్రం కొంచెం తగ్గితే బాగుండుననిపించేది.

నాన్నగారు మిలిటరీలో ఉండేవారు. ఎక్కడో సరిహద్దు కొండల మీద... అక్కడికి పెళ్ళాం బిడ్డల్ని తీసుకెళ్ళనివ్వరు. అలా దూరంగా ఉన్నందుకు జీతం మీద ఇంకొంచెం కలిపి ఇచ్చేవారు. మా నాయనమ్మ వాటికి ఎడబాటు డబ్బులని పేరు పెట్టింది.

క్వార్టర్స్ ఇచ్చే ఊరికి బదిలీ అయితే ఆ డబ్బులు ఆగిపోతాయని నాన్నగారు ఓసారి చెప్పారు. ఇంకేం... అవి ఆగిపోవాలని రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని. అలాంటి కోరిక కోరిన పిల్లని దేవుడు కూడా చూసి ఉండడు!

అమ్మ ఇల్లంతా జీతంతోనూ, తన లేసు అల్లికతోనూ నెట్టుకొచ్చేది. ఎడబాటు డబ్బులతో మాత్రం రేపు మేమంతా కలిసి కాపురం పెట్టబోయే క్వార్టర్స్‌కి సామాను కొనేది. ఓ నెల కుక్కరు, ఇంకో నెల పోపుల డబ్బా... అన్నీ పాత చీరల్లో చుట్టి భోషాణంలో దాచేది. మా వంట మాత్రం సొట్టలు పడిన గిన్నెల్లోనే.

పక్కింటి పిన్ని లేసు అల్లుకోడానికి మా అరుగు మీదకి వచ్చేది. ఓ రోజు నవ్వుతూ అంది... "నీకేంటక్కా, మొగుడు దూరంగా ఉన్నాడని కూడా డబ్బులిత్తన్నారు. మా ఆయన ఎదురుగా కూర్చుని తినడమే గానీ పైసా రాల్చడు!"

అమ్మా నవ్వింది. ఆ సాయంత్రం అన్నం మాత్రం తినలేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక నెల డబ్బులు తగ్గాయి. బ్యాంకులోనే గెంతేశాను! అమ్మ ఇంటికొస్తూనే భోషాణం తెరిచి, కొత్త గిన్నెలన్నీ కడిగి ఎండలో బోర్లించింది.

ఆదివారం నాన్నగారు పక్కింటికి ఫోన్ చేశారు. "బదిలీ అయితే అయ్యిందమ్మా... క్వార్టర్స్‌కి చాలామంది వరసలో ఉన్నారు. బయట అద్దెలు మనం కట్టలేం. కాస్త ఓపిక పట్టండి" అన్నారు.

డబ్బులు ఆగిపోయాయి... నాన్నగారు మాత్రం దూరంగానే ఉండిపోయారు. అమ్మ గిన్నెల్ని మళ్ళీ చీరల్లో చుట్టింది. నాకు దేవుడి మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను.

తీరా క్వార్టర్స్ వచ్చేసరికి నేను కాకినాడ హాస్టల్లో ఇంటర్ చదువుతున్నాను. నాయనమ్మ అప్పటికే పోయింది. చదువు మధ్యలో మానిపించకూడదని నన్ను అక్కడే ఉంచి, నాన్నగారు అమ్మని తీసుకెళ్ళడానికి వచ్చారు.

నిడదవోలు స్టేషన్లో రైలెక్కించాను. అంతకుముందు ప్రతిసారీ అమ్మా నేనూ కలిసి నాన్నగారిని సాగనంపేవాళ్ళం... ఆ రోజు నేనొక్కదాన్నే ఇద్దరినీ పంపాను. అమ్మ కిటికీలోంచి నా చెయ్యి వదల్లేదు. "సెలవులకి వచ్చేయమ్మలూ... అక్కడ నీక్కూడా ఓ గదుందంట" అంది.

నాన్నగారు రిటైరయ్యేలోపే నాకు పెళ్ళయిపోయింది. సెలవుల్లో తప్ప మేం ముగ్గురం ఒక ఇంట్లో ఉన్నదే లేదు.

ఇప్పుడు జవాన్ల పిల్లలు ఫోన్లో నాన్న ముఖం చూస్తూ అన్నం తింటున్నారు. చూస్తే సంతోషంగా ఉంటుంది... నిజం చెప్పొద్దూ, కాస్త కుళ్ళుగానూ ఉంటుంది.

మీలో మిలిటరీ నాన్నల పిల్లలెవరైనా ఉంటే చెప్పండి... సెలవు అయిపోయి ఆయన వెళ్ళిపోయిన మర్నాడు మీ ఇల్లు ఎలా ఉండేది? మా ఇంట్లో ఆ రోజు కూడా అమ్మ పొరపాటున నాన్నగారికీ కంచం పెట్టేసేది.