గట్టు మీద నుంచి కట్టిన కొల్లేరు

"మా పిల్లల్ని ఇందులోకి తీసుకురానండీ" అని నాగమణి గారు ఫోన్‌లో చెప్పిన మర్నాడే నేను కొల్లేరు బయలుదేరాను. ఆవిడ మండవల్లి వైపు ఒక లంక ఊరి బడిలో తెలుగు టీచరు. నేను పెంటపాడు దగ్గర హైస్కూల్లో సోషల్ చెబుతూ లైబ్రరీ కూడా చూసుకుంటాను. మా కంప్యూటర్ ల్యాబులో ఏడాదిగా ఒక లైబ్రరీ కడుతున్నాం. ఇటుకలతో కాదు, తెర మీద. పిల్లలు అందులోకి ఒక మనిషి బొమ్మగా వెళ్ళి నడుస్తారు. బీరువా ముందు నిలబడి మీట నొక్కితే పుస్తకం తెరుచుకుంటుంది. బోర్డు దగ్గరికి వెళ్తే బొమ్మ, దాని కింద నాలుగు మాటలు, పక్షిదైతే దాని అరుపు కూడా. ఇంటర్నెట్ ఉంటే ఏ ఊరి నుంచైనా లోపలికి రావచ్చు. నాగమణి గారి బడిలో లైబ్రరీ అంటే ఒక్క బీరువా. వానాకాలం రోడ్డు మునిగితే పుస్తకాలు అటక ఎక్కుతాయి. అందుకే మా లైబ్రరీ రెండు బడులకీ కలిపి ఉండాలనుకున్నాం, దాని పక్కనే కొల్లేరు ప్రదర్శన కూడా కట్టాను.

ఆవిడ ఒకసారి లోపలికి వచ్చి చూశారు. చూసి వద్దన్నారు. "బోర్డులన్నీ మాకు వీపు చూపిస్తున్నాయండీ" అన్నారు. కంప్యూటరు పీరియడు లైబ్రరీకి ఇవ్వాలో, వేరే పనికి ఇవ్వాలో వాళ్ళ హెడ్మాస్టరు గారికి సోమవారం చెప్పాలట. ఆవిడ కాదంటే ఆ పిల్లలకి ఈ ఏడాదికి లైబ్రరీ లేనట్టే. నేను బయలుదేరింది రెండో శనివారం. నా దగ్గర రెండు రోజులున్నాయి.

తాడేపల్లిగూడెంలో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కితే గంటలో ఏలూరు. భీమవరం మీదుగా బస్సులో కైకలూరు వెళ్ళే దారి కూడా ఉంది. కానీ సరస్సును దాటి వెళ్ళాలంటే ఏలూరు నుంచే వెళ్ళాలి. స్టేషన్ బయట ఆటో ఎక్కి బస్టాండుకి అన్నాను. ఆటో నడిపే మస్తాన్ గారు మాట కలిపారు.

"కొల్లేరు చూట్టానికాండీ? మరి కెమెరా ఏదండీ?"

"ఫోన్ ఉందండీ. కంప్యూటర్లో పిల్లల కోసం ఒక కొల్లేరు కడుతున్నాను. దాని కోసం."

ఆయన అద్దంలో నన్నొకసారి చూశారు. "నీళ్ళున్నాయాండీ అందులో?"

"ఉన్నాయండీ."

"చేపలు?"

"ఉన్నాయి."

"మరి కేజీ ఎంతకిస్తారండీ?" అని తనే నవ్వి, బస్టాండు ముందు దింపారు. పది రూపాయలు వెనక్కిస్తూ, "చేపలు అమ్మితే నాక్కూడా చెప్పండి" అన్నారు.

కైకలూరు బస్సులో ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కుడివైపు కిటికీ దొరికింది. ఏలూరు దాటాక కాసేపు వరి, తర్వాత చేపల చెరువులు, ఆ తర్వాత వంతెన. రెండు పక్కలా గుర్రపుడెక్క, దాని మధ్య నీళ్ళు, దూరంగా కొంగలు. నేను కట్టిన కొల్లేరు సరిగ్గా ఇలాగే ఉంది. రోడ్డు, రోడ్డు పక్కన గట్టు, గట్టు మీద వరసగా బోర్డులు. మొదటిది స్వాగతం, తర్వాత పక్షులు, చేపలు, వలలు, చిట్టచివర లంక ఊళ్ళు. బోర్డులు తిప్పి వెనక కూడా అదే అతికిస్తే పని అయిపోతుంది కదా అనుకున్నాను. ఆదివారం ఒక పూట పని. అంత మాత్రానికి ఆవిడ అంత గట్టిగా ఎందుకన్నారో నాకు అర్థం కాలేదు.

కైకలూరులో ఇడ్లీ తిని, షేర్ ఆటోలో మండవల్లి చేరేసరికి తొమ్మిదిన్నర. నాగమణి గారు స్కూటీ మీద వచ్చి ఉన్నారు. నేను పలకరించేలోపే, "వచ్చారన్న మాట! ఫోన్‌లో సారీ చెప్పి ఊరుకుంటారనుకున్నానండీ" అన్నారు. చెరువు గట్ల మీద అరగంట వెళ్ళాక వాళ్ళ ఊరి రేవు వచ్చింది. అక్కడ ఆవిడ మేనమామ పోతురాజు గారు చెక్క పడవతో ఉన్నారు. పడవకి ఎంతివ్వాలని అడిగితే, "మా అమ్మాయి తెచ్చిన చుట్టం దగ్గర డబ్బులేంటండీ, మధ్యాహ్నం భోజనానికుంటే చాలు" అన్నారు. మామూలుగా వచ్చేవాళ్ళు రేవులో ముందే బేరం మాట్లాడుకోవాలి.

చెప్పులు చేత్తో పట్టుకుని పడవెక్కాను. కూర్చోగానే పడవ ఒక పక్కకి ఒరిగింది.

"మధ్యలో కూర్చోండమ్మా" అన్నారు పోతురాజు గారు. "గట్టు మీద మనుషులకి మధ్య ఎక్కడో తెలీదు."

"ఈవిడది వరి చేల ఊరు మామయ్యా, అలాగే ఉంటారు" అన్నారు నాగమణి గారు.

పడవ రేవు వదిలి కొంత దూరం వెళ్ళి మళ్ళీ గట్టు వైపు తిరిగింది. అక్కడ నీటి ఒడ్డున ఒక పెద్ద బోర్డుంది. ఎవరు పెట్టించారో తెలియదు. మా వైపుకి రెండు ఇనప స్తంభాలు, తుప్పు పట్టిన రేకు కనబడుతున్నాయి. దాని మీద ఎవరో వల ఆరేశారు.

"ఏముంది దాని మీద?" అని నాగమణి గారిని అడిగాను.

"పక్షుల పేర్లటండీ. మా వాళ్ళు వేటకి వచ్చేదీ పోయేదీ ఇటు నీళ్ళ మీంచే కదా. పెట్టిన దగ్గర్నుంచీ మాకు వల ఆరేసుకోవడానికే పనికొస్తోంది."

"మరి వెనక వైపు కూడా రాస్తే?"

ఆవిడ పోతురాజు గారి వైపు తిరిగి, "మామయ్యా, ఇక్కడ ఆపు" అన్నారు. ఆయన పడవ తోసే గెడ కిందికి గుచ్చి ఆపబోయారు. పడవ ఆగినట్టే ఆగి, గాలికి పక్కకి జరిగిపోయింది. గట్టు దగ్గర తుంగ ఎత్తుగా ఉంది. బోర్డులో కింది సగం కనబడలేదు. చదవాలంటే నడుం ఎత్తి నిలబడాలి, నిలబడితే పడవ ఒరుగుతుంది. రెండుసార్లు ప్రయత్నించి కూర్చున్నాను.

"అదొక్కటే కాదండీ" అన్నారు నాగమణి గారు, ఈసారి మెల్లగా. "మీ దాంట్లో మా ఊరు చిట్టచివరి బోర్డు. మా పిల్లలు వాళ్ళింట్లోంచి బయటికొస్తే అదే మొదలు కావాలి కదా. అన్నీ దాటుకుని వచ్చి చివర్న వాళ్ళని వాళ్ళు చూసుకోవాలా?"

నేను ఫోన్ తీసి పడవలోంచి ఫోటోలు మొదలుపెట్టాను. ఊరి వైపు నుంచి బయలుదేరితే ముందు ఏం కనబడుతుంది, తర్వాత ఏం కనబడుతుంది, గెడ ఎక్కడ ఆనుతుంది, పడవ ఎక్కడ నిలుస్తుంది. వలల కోసం పాతిన కర్రల దగ్గర పడవ కట్టేస్తే కదలకుండా నిలిచింది. బోర్డులు ఉండాల్సింది అక్కడే. గూడబాతుల గుంపు లేచినప్పుడు రెక్కల చప్పుడు రికార్డు చేశాను. భోజనం పోతురాజు గారింట్లో, కొరమేను పులుసు. వాళ్ళావిడ వడ్డిస్తూ, "కంప్యూటర్లో పులుసు పెడతారాండీ?" అంటే, "దాని ఫోటో మాత్రం పెడతానండీ" అన్నాను. చీకటి పడకముందే ఏలూరు చేరాను.

ఆదివారం పొద్దున ల్యాబు తాళం తీయించాను. గట్టు మీది బోర్డులన్నీ పీకేశాను. ఏడాది పని. రోడ్డు వైపున్న గేటు కూడా తీసేశాను. ఇప్పుడు లోపలికి వచ్చేవాళ్ళు ఎవరైనా లంక ఊరి రేవులో, పడవలోనే మొదలవుతారు. మొదటి బోర్డు ఆ ఊరిదే. తర్వాతవి నీళ్ళలో కర్రలకి కట్టి ఉన్నాయి. కర్ర దగ్గర పడవ ఆగుతుంది, పుస్తకాల అర పక్కనే తెరుచుకుంటుంది. మా పెంటపాడు పిల్లలు కూడా పడవెక్కాల్సిందే. గట్టు అన్నిటికన్నా చివర వస్తుంది.

మధ్యాహ్నం నాగమణి గారికి ఫోన్ చేసి, కంప్యూటర్లో లోపలికి రమ్మన్నాను. తెర మీద ఆవిడ బొమ్మ పడవలో మొదటి కర్ర దగ్గర ఆగింది. రెండో దాని దగ్గరికి వెళ్ళింది, మూడో దాని దగ్గరికి వెళ్ళింది. అప్పుడు ఫోన్‌లో అడిగారు.

"ఏవండీ, ఆ గెడ అంత పొట్టిగా పెట్టారేంటండీ? నేల కూడా అందదు. మా పిల్లలు చూస్తే నవ్వుతారు."

"ఎప్పుడు నవ్వుతారండీ?" అన్నాను.

"మంగళవారం, మూడో పీరియడు."

నేను వరి చేల మధ్య పెరిగిన మనిషిని. నాకు నీళ్ళంటే కాలవ గట్టు మీద నిలబడి చూసేవి. ఒక చోటు గురించి ఎంత చదివినా, ఎన్ని బొమ్మలు సేకరించినా, ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నది మనకి తట్టదు. కంప్యూటర్లో కట్టేటప్పుడు అసలే తట్టదు, ఎందుకంటే అక్కడ గట్టూ మనమే వేస్తాం, నీళ్ళూ మనమే పోస్తాం. ఏడాది పని పీకెయ్యడం కష్టంగానే ఉంది. గెడ మాత్రం ఆ సాయంత్రమే పొడుగు చేశాను.

ఇలాంటి ప్రదర్శన కోసం కొల్లేరు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. మధ్యాహ్నానికి గాలి లేచి పడవ నిలవదు, కాబట్టి పొద్దున పదిలోపే పడవెక్కండి. ఫోన్‌కి ప్లాస్టిక్ కవరు వేసుకోండి, ఫోటోలు పడవలోంచే తీయండి. గట్టు మీద నుంచి తీసినవి ఇప్పటికే అందరి దగ్గరా ఉన్నాయి.