మా అత్తయ్య జ్వరం రిహార్సళ్ళు

మా అత్తయ్య రిహార్సల్ లేకుండా ఏ పనీ చేయదు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళే ముందు రోజు కూడా పడక్కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, డాక్టరు వేషమిచ్చిన మామయ్య చేత చెంచా పెట్టించుకుని చూసుకుంది. "సూది పొడిచాక మీరేమంటారు?" అని అడిగింది. "నేనెందుకంటాను, పన్ను నీది కదా" అన్నాడాయన. అత్తయ్య చెంచా తీసి చేతికిచ్చి, "మళ్ళీ మొదట్నించి" అంది.

ఈ 'మళ్ళీ మొదట్నించి' మా ఇంట్లో రోజుకి పదిసార్లైనా వినిపిస్తుంది. ఆవిడనీ అనడానికి లేదు. ముప్పై ఏళ్ళు ఒక నాటకాల కంపెనీలో పక్క తెర వెనక నిలబడి, నటులు మర్చిపోయిన మాటలు అందించే ఉద్యోగం చేసింది. తెర లేచాక ఎంతటివాడి నోరైనా ఎండిపోతుందని ఆవిడకి గట్టి నమ్మకం. పెళ్ళికి ముందు మా ఆయన నాతో మాట్లాడిన మొదటి నాలుగు ముక్కలూ ఆవిడ రాసిచ్చినవేనని నాకు ఆలస్యంగా తెలిసింది. ఐదో ముక్క సొంతంగా మాట్లాడాడు. దాని మీద మాకు ఇప్పటికీ గొడవే.

అలాంటి మనిషి కంట్లో ఒకరోజు పేపర్లో ఏడో పేజీలో, బూట్ల ప్రకటన కింద, అగ్గిపెట్టెంత వార్త పడింది. ఎక్కడో దూరపు ఊళ్ళో కొత్తరకం జ్వరం, మనిషి నుంచి మనిషికి గాలిలో అంటుకుంటోందట. ఊరంతా ఆ పేజీ తిప్పేసింది. అత్తయ్య మాత్రం కత్తెరతో కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది.

"అమ్మాయ్, రేపు నీకు జ్వరం" అంది నాతో.

"రేపు ఆఫీసులో మీటింగుంది అత్తయ్యా."

"అయితే నీకు ఎల్లుండి. రేపు మామయ్యకిద్దాం."

పాత సామాన్లున్న చివరి గది ఖాళీ అయిపోయింది. అందులో మంచం, విడిగా పళ్ళెం, గ్లాసు, బకెట్టు, బార్లా తెరిచిన కిటికీ. గుమ్మం బయట ఒక స్టూలు. తిండి తెచ్చినవాళ్ళు స్టూలు మీద పెట్టి, ఆరడుగులు వెనక్కి వెళ్ళాకే రోగి తలుపు తియ్యాలి. ఇద్దరి మూతికీ మాస్కు. ముక్కు కిందికి జారిందా, మళ్ళీ మొదట్నించి.

మామయ్య ఆ వేషంలో ఎంత లీనమయ్యాడంటే రెండో రోజూ బయటికి రాలేదు. వేళకి కాఫీ, పక్కన పేపరు, కూరలు తెమ్మనేవాళ్ళు లేరు. "ఇంకా నీరసంగానే ఉందోయ్" అన్నాడు లోపల్నుంచి. "మీకు రాని జ్వరం నిన్న సాయంత్రమే తగ్గింది, బయటికి రండి" అంది అత్తయ్య. మా ఆయన దగ్గడం మర్చిపోయి గురకపెట్టాడు. పదేళ్ళ మా అమ్మాయైతే మంచం మీద వాలిపోయి, బొమ్మలన్నీ ఎవరెవరికి ఇవ్వాలో చెప్పడం మొదలుపెట్టింది. "ఈ రంగంలో నువ్వు చచ్చిపోవడం లేదే. తగ్గిపోయి బయటికొచ్చి అన్నం తింటావు. మళ్ళీ మొదట్నించి" అంది నానమ్మ.

చేతులు కడగడానికీ స్క్రిప్టుంది. ఏదో పాత నాటకంలో ఓడిపోయిన రాజు కోటకి వీడ్కోలు చెప్పే మాటలు. సబ్బు నురగలో వేళ్ళ సందులన్నీ రుద్దుతూ అది ఆసాంతం చెప్పాలి. ఒక్క ముక్క మింగినా మళ్ళీ సబ్బు పట్టాల్సిందే. మా ఆయన ఆ వాష్ బేసిన్ దగ్గర రోజుకి ఎనిమిదిసార్లు రాజ్యం పోగొట్టుకునేవాడు.

ఇవి చాలవన్నట్టు ఆస్పత్రికి పట్టుకెళ్ళే సంచులు కూడా సర్దింది. తలా ఒక జత బట్టలు, తువ్వాలు, చెప్పులు, రోజూ వేసుకునే మందుల చీటీ. మేం ఐదుగురం. సంచులు ఆరు.

"ఆరోది ఎవరికి అత్తయ్యా?"

"కంపెనీ అన్నాక ఒక సంచి ఎక్కువుండాలి" అంది. లెక్క తప్పిందని ఒప్పుకోవడం ఆవిడ వంశంలోనే లేదని నేను మా ఆయన చెవిలో అన్నాను.

మా పై అంతస్తులో వాచీలు బాగుచేసే పెద్దాయన ఒంటరిగా ఉంటాడు. నా అనేవాళ్ళు లేరు, ఉన్నా ఆ నోటికి నిలవరు. మెట్ల మీద అత్తయ్య కనబడితే చాలు, "డైరెక్టరమ్మగారూ, ఇవాళ ఎవరికొచ్చింది జ్వరం?" అని వేళాకోళం. వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి పడదు. అలాంటిది ఒక ఉదయం అత్తయ్య మాస్కు కట్టుకుని ఆయన గుమ్మం ముందు నిలబడింది. వెనక నేను, ఎప్పుడు గొడవొస్తే అప్పుడు లాక్కొచ్చేద్దామని.

"మా నాటకంలో ఒక వేషం మిగిలిపోయింది. చిన్నది. మాటలు కూడా లేవు" అంది.

"నాకు తీరిక లేదండీ."

"రోజూ పొద్దున ఏడింటికి మీ చేతికర్రతో నేల మీద మూడు దెబ్బలు కొట్టాలి. అది వినబడితే మేం తెర లేపుతాం. అయినా మీ వల్ల కాదులెండి. ఏడంటే ఏడుకే కొట్టాలి."

అంతే, ఆయన ఒంటికాలి మీద లేచాడు. నలభై ఏళ్ళుగా ఊరందరికీ టైము సరిచేసే మనిషిని పట్టుకుని అనే మాటేనా అది?

మర్నాటి నుంచి ఏడయ్యేసరికి మా నెత్తిమీద ధన్, ధన్, ధన్. సెలవు రోజున కూడా. నేను దిండు చెవులకి నొక్కుకుని అత్తయ్యనీ ఆయననీ కలిపి తిట్టుకునేదాన్ని. ఆవిడ అంతటితో ఊరుకుందా? "ఇవాళ నిమిషం ఆలస్యం" అని మెట్ల మీంచి కేకేసింది. ఆయన మూడు వాచీలు పట్టుకుని కిందికి దిగి, మూడింట్లోనూ ముల్లు ఎక్కడుందో చూపించి వెళ్ళాడు. ఇంకోసారి మందుల షాపు రంగమని చెప్పి మా అమ్మాయిని షాపువాడిగా నిలబెట్టి, ఆయన చేత తన మాత్రల పేర్లన్నీ గడగడా అప్పజెప్పించింది.

రెండు నెలలకి ఆ అగ్గిపెట్టె వార్త మొదటి పేజీ నిండా పరుచుకుంది. జ్వరం మా ఊరొచ్చింది. షాపులు మూశారు, వీధులు బోసిపోయాయి. ఇరుగుపొరుగు మాస్కులకోసం కంగారుపడుతుంటే, మా ఆయన తొణక్కుండా రాజ్యం పోగొట్టుకుంటూ చేతులు కడుక్కుంటున్నాడు. ఏడింటికి ధన్, ధన్, ధన్.

ఒకరోజు ఏడైంది. పైనుంచి చప్పుడు లేదు.

మంచి నిద్రలో ఉన్నానేమో, నాకు హాయిగా అనిపించింది. కళ్ళు తెరిచేసరికి అత్తయ్య కాఫీ గ్లాసు కింద పెట్టేసి, మాస్కు కట్టుకుని, తలుపు తీస్తోంది. గడియారంలో ఏడూ రెండు.

నేను వెనకే పరిగెత్తాను. ఆవిడ తలుపు తట్టింది. కాసేపటికి లోపల్నుంచి, "నిద్ర... పట్టేసింది" అని వినబడింది.

"ఇవాళ మీకు మాటలున్నాయి. 'నాకేం కాలేదు, నేను బాగానే ఉన్నాను' అనండి. ఒక్క ఊపిరిలో అనాలి."

"నాకేం... కాలేదు..." అక్కడితో దగ్గు.

మొదటిసారి అత్తయ్య 'మళ్ళీ మొదట్నించి' అనలేదు. "అమ్మాయ్, ఆరో సంచి" అంది.

ఆ తర్వాత ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. మామయ్య ఫ్రిజ్ మీద రాసిపెట్టిన నంబరుకి అంబులెన్సు కోసం ఫోన్ చేశాడు. మా ఆయన మెట్ల కిటికీలన్నీ తెరిచాడు. నేను సంచి పెద్దాయన గుమ్మం ముందు పెట్టి ఆరడుగులు వెనక్కి నడిచాను. సంచిలోంచి చెప్పుల జత కనబడుతోంది, సరిగ్గా ఆయన కొలతవి. మందుల చీటీ అత్తయ్య దస్తూరీలో ఉంది. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని సాయంత్రం డాక్టరు ఫోన్లో చెప్పాడు.

"ఆ దెబ్బలు తెర లేపడానికి కాదన్నమాట" అన్నాను అత్తయ్యతో. ఇన్నాళ్ళు తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

"బాగున్నారో లేదో రోజూ కబురు చెప్పండంటే ఆ మనిషి తలుపు తీస్తాడా? వేషమిస్తే ఎవరైనా వస్తారు" అంది ఆవిడ. అని, మా ఆయన ఎక్కడో ఒక ముక్క మింగినట్టుందని వాష్ బేసిన్ వైపు వెళ్ళిపోయింది.

మూడు వారాల పాటు ఏడు గంటలకి మా ఇల్లు చప్పుడు లేకుండా ఉండిపోయింది. నిద్రపోవచ్చు, కానీ పట్టేది కాదు. తర్వాత ఒక మధ్యాహ్నం పెద్దాయన అదే సంచి పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ పైకి ఎక్కాడు.

మర్నాడు ఎవరూ లేపకుండానే మేం ఐదుగురం ఆరూ ముప్పావుకి హాల్లో చేరి పైకప్పు చూస్తూ కూర్చున్నాం. సరిగ్గా ఏడు. ధన్. ధన్. కాస్త ఆగి, ధన్. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. అంతలో మెల్లగా, నాలుగో దెబ్బ కూడా వినబడింది.

"స్క్రిప్టులో లేనిది కలుపుతున్నాడు. ఇలాంటి వేషగాళ్ళంటే నాకు ఒళ్ళుమంట" అంది అత్తయ్య, చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత మూలనున్న బూజుకర్ర తీసుకుని, మునివేళ్ళ మీద లేచి, పైకప్పు మీద టక్కున ఒక్క దెబ్బ కొట్టింది.

నాకు తెలిసి రిహార్సల్ లేకుండా మా అత్తయ్య చేసిన పని అదొక్కటే.