పొగకంపుగాడి ఫ్రైడ్ రైస్

రోడ్డు పక్క నా ఫాస్ట్‌ఫుడ్ బండి మీద పెద్ద గ్యాస్ బర్నర్ భగ్గుమన్నప్పుడల్లా మంట కడాయిలోకి దూకి, అన్నానికి పొగ వాసన పడుతుంది. చిన్నప్పుడు అమ్మ చెరకు పిప్పితో పొయ్యి రాజేస్తే ఇల్లంతా ఈ వాసనే. నా యూనిఫాం చొక్కాకు పట్టేసి, ఉతికినా పోయేది కాదు.

మన ఏడో తరగతి వాళ్లూ, గుర్తుందా? శీనుగాడు ముక్కు మూసుకుని, "పొగకంపుగాడొచ్చేడ్రా, జరగండ్రా" అనేవాడు. మీరంతా జరిగేవారు.

నిన్న వాడే నా బండి దగ్గరికొచ్చాడు.

"బావా, ఒక ఫ్రైడ్ రైస్ ఎయ్యి. పొగ వాసన గట్టిగా రావాలి, అదే టేస్టు."

వాడి కళ్లముందే వేయించి, ప్లేటు నింపి, వాడి వెనక నిలబడ్డాయన చేతికిచ్చాను.

"ఇదేటి బావా? ముందొచ్చింది నేను కదా!"

"కంపు కొడతాదిరా. జరుగు."

జరిగాడు. మీలో ఎవరొచ్చినా ఇదే మాట.