కిలాలో మూసేసిన వాకిలి

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మాది అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్, డిగ్నాబాద్ పేట. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. పాత కట్టడాలు బాగుచేయించే పనిలో పదిహేనేళ్ళు సూపర్‌వైజర్‌గా చేశాను. శిథిలాల్లో పాముల్ని చూశాను, తేళ్ళని చూశాను. దయ్యాన్ని మాత్రం చూడలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, నమ్మితే నమ్మండి.

పోర్ట్ బ్లెయిర్ నుంచి పడవలో వెళ్ళే ఒక చిన్న దీవి మీద తెల్లదొరల కాలం నాటి కట్టడం ఉంది. మందపాటి రాతిగోడలు, మూలన బురుజు. కోటలా ఉంటుంది కాబట్టి మా పనివాళ్ళు దాన్ని కిలా అనేవారు. ఖైదీల చేత కట్టించారట. గోడల్లో దూరిన రావివేళ్ళు కోసి, గానుగ సున్నంతో బీటలు పూడ్చడం మా పని. ఏ గది దేనికి వాడారో తేల్చడం ఆఫీసువాళ్ళ పని.

ఎత్వా నా పెద్ద మేస్త్రీ. రాంచీ మనిషి. పదకొండేళ్ళు నాతోనే ఉన్నాడు. గోడ మీద అరచెయ్యి పెట్టి అది నిలుస్తుందో లేదో చెప్పేసేవాడు. అంత చెయ్యి తిరిగినవాడు కూడా నేను ఊఁ అననిదే ఇటుక కదిపేవాడు కాదు.

బురుజు పక్కగోడకి పాత పూత గీకుతుంటే, ఇటుకలతో మూసేసిన వాకిలి బయటపడింది. మిగతా కట్టడమంతా వరస తప్పని రాయి. ఈ ఇటుకలు మాత్రం ఎవరో తరుముతుంటే పేర్చినట్టు వంకరటింకరగా ఉన్నాయి. వెనక ఏముందో చూడాలని ఆఫీసరుకి తొందర. అబద్ధమెందుకు, నాకూ తొందరే.

మిట్టమధ్యాహ్నం. మనిషి పట్టేంత మేర ఇటుకలు తీశాం. పైకమానుకి బయటవైపు ఊతం పెట్టాం, లోపలివైపు ఇంకా పెట్టాలి. టార్చి పట్టుకుని ముందు నేను, ఊతకర్రతో నా వెనక ఎత్వా. గడపలో కాలు పెట్టబోయాను.

"ఆగు" అన్నారెవరో.

లోపలి చీకట్లోంచి, నా మొహానికి బారెడు దూరంలో. మగగొంతు. మా తాత మాట్లాడే యాస. మళ్ళీ ఇంకోసారి, "ఆగు." ఆ సైటులో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

నా పైప్రాణాలు పైనే పోయాయి. పక్కకి తప్పుకుని, ఎవరా అని వెర్రివాడిలా లోపలికి టార్చి వేసి వెతుకుతున్నాను. ఈలోగా ఎత్వా నన్ను రాసుకుంటూ ముందుకి నడిచాడు. కమాను ఆయన మీద కూలింది.

రాళ్ళు తీసేసరికి రెండు కాళ్ళూ నుజ్జయిపోయాయి. ఆస్పత్రిలో మోకాళ్ళ పైదాకా తీసేశారు.

తర్వాత ఆ గదంతా వెతికాం. నాలుగు గోడలు, మట్టి. ఎముక లేదు, గుడ్డపేలిక లేదు, ఇంకో దారీ లేదు. సామాన్ల గది అని రాసుకున్నారు. సామాన్ల గదిని అంత కంగారుగా ఎందుకు మూశారో ఎవరూ చెప్పలేకపోయారు.

నాలుగో రోజుకి ఎత్వాకి బాగా తెలివొచ్చింది. నన్ను చూసి నెమ్మదిగానే అన్నాడు: "తుమ్ బోలే నా భయ్యా, ఆగే, ఆగే. తో హమ్ గయే." నువ్వే కదా అన్నావు, అందుకే వెళ్ళాను, అని.

నాకు 'ఆగు' అని వినిపించింది ఆయనకి హిందీలో 'ఆగే' అయింది. ముందుకి పదమని.

"మై నహీ బోలా భయ్యా" అని, అన్నది నేను కాదని చెప్పాను. ఆ రోజు వాకిలి దగ్గర మా వెనక ఉన్న ముగ్గురు కూలీల్నీ అడిగాను. వాళ్ళకీ వినిపించిందట. గొంతు మాత్రం నాదే అన్నారు. నా బిడ్డల మీద ఒట్టు, నేను నోరు తెరవలేదు.

ఎత్వా మొహం పక్కకి తిప్పుకున్నాడు. రాంచీ వెళ్ళిపోయేదాకా నాతో మాట్లాడలేదు. పదకొండేళ్ళు నా మాట మీద నడిచిన మనిషి, నేను అబద్ధమాడి తప్పించుకుంటున్నానని అనుకుంటూనే ఓడెక్కాడు. ఏడుపొచ్చింది నాకు.

ఆ గొంతెవరిదో నాకు ఈ రోజుకీ అంతుచిక్కలేదు. ఎవరిదైనా, అది నన్ను ఆగమంది, నేను ఆగాను. వెనక్కి తిరిగి, ఆగమని ఎత్వాకి అర్థమయ్యేలా "రుకో" అనడానికి నాకు టైముంది. నేను అనలేదు.